మోటారు విప్పిన శనివారం

చప్పుడు మొదట విన్నది ఆ ఇంటి ఇల్లాలు.

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్. జనవరి నెల. అక్కడ ఆ రోజుల్లో పొద్దున ఎనిమిదింటికి కూడా చీకటే. అయిదేళ్ల కూతుర్ని సైకిల్ ముందున్న చెక్కపెట్టెలో కూర్చోబెట్టి, పైన వానకవరు లాగి, నాలుగు కిలోమీటర్ల దూరంలోని బడికి బయల్దేరింది. తొక్కుతుంటే కాళ్ల దగ్గర్నుంచి ‘కర్... కర్...’మని ఏదో నలిగినట్టు చప్పుడు. గాలి హోరేమో అనుకుంది. మర్నాడు గాలి లేదు. చప్పుడు మాత్రం ఉంది.

సాయంత్రం భర్తకు చెప్పింది.

‘‘చెయిన్‌కి నూనె వేస్తే పోతుందిలే’’ అన్నాడతను. నూనె వేశాడు. పోలేదు.

ముందు పెట్టె ఉన్న ఇలాంటి సైకిల్ని అక్కడ ‘బాక్‌ఫీట్స్’ అంటారు. పెట్టె సైకిల్ అనే అర్థం. పిల్లల్ని బడిలో దింపడానికీ, సరుకులు తేవడానికీ కారు బదులు వాడతారు. ఒట్టి సైకిలే నలభై యాభై కిలోలు తూగుతుంది. పైన పాప, బడిసంచీ, వారానికి సరిపడా కూరలు. ఆ దేశంలో కొండలు లేవు గానీ ఎదురుగాలి ఉంది. అది కొండకేం తీసిపోదు. మోటారు సాయం లేకుండా ఆ బండిని రోజూ ఎనిమిది కిలోమీటర్లు తొక్కడం ఆవిడ వల్ల కాదు. అందుకే ఆ ‘కర్ కర్’ ఆ ఇంట్లో అంత పెద్ద విషయమైంది.

సైకిల్ కొన్న షాపుకు తీసుకెళ్లారు. వాళ్లు ల్యాప్‌టాప్ తగిలించి చూసి, లోపం కోడ్ ఏదీ రావడం లేదన్నారు. పెడల్‌ను చేత్తో తిప్పి విన్నారు. చప్పుడు వాళ్లకీ వినబడింది. ‘‘మోటారు మార్చాలి’’ అని తేల్చారు. విప్పి చూడొచ్చు కదా అని అడిగితే, ‘‘మేం విప్పం. లోపలి భాగాలు మాకు పంపరు. మోటారు మొత్తం తీసి కొత్తది పెట్టడమే’’ అన్నారు. రెండేళ్ల వారంటీ అయిపోయి ఏడాది దాటింది. కొత్త మోటారు, బిగింపు కూలీ అన్నీ కలిపి 750 యూరోలు. మన డబ్బులో 70 వేల పైమాటే.

ఇందులో షాపువాళ్లను తప్పుపట్టాల్సింది పెద్దగా లేదు. పెద్ద కంపెనీల మోటార్లు చాలావరకు అలాగే అమ్ముతారు. పాడైతే మొత్తం మార్పు, లోపలికి ఎవరూ చూడకూడదు. వారంటీ ఉన్నంతకాలం కొన్నవాళ్లకు అది సుఖమే. కొత్తది ఊరికే వస్తుంది. వారంటీ అయిన మర్నాటి నుంచి అదే పద్ధతి మెడకు చుట్టుకుంటుంది.

అతను ఆ రాత్రి కూర్చుని చాలా చదివాడు. ఇలాంటి మోటార్ల లోపల ఒక నైలాన్ గేరు చక్రం ఉంటుందనీ, దాని పళ్లు అరుగుతాయనీ తెలిసింది. దొరికింది దొంగ అనుకున్నాడు. 35 యూరోలు పెట్టి ఆ చక్రం తెప్పించడానికి ఆర్డరిచ్చేశాడు. ఆ తర్వాతే విజయవాడకు ఫోన్ చేశాడు.

విజయవాడ ఆటోనగర్‌లో అతని తండ్రికి మోటార్ వైండింగ్ షాపు. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లు, పిండిమరల మోటార్లు ఆయన బల్ల మీదికి వస్తాయి. నలభై ఏళ్లుగా ఆ రాగితీగలతోనే సంసారం నడిచింది. పిల్లాడి చదువూ వాటితోనే. అయితే ఒక్క విషయంలో మాత్రం ఆయన గట్టిగా ఉండేవాడు. కొడుకును షాపు గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. వేసవి సెలవుల్లో వచ్చినా, ‘‘గ్రీజు నాకు చాలు, నువ్వు ఇంటికెళ్లి పుస్తకం తియ్’’ అని పంపేసేవాడు. అలా పంపించగా పంపించగా ఆ కుర్రాడు ఐండ్‌హోవెన్ దాకా వెళ్లాడు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం మాత్రం రాలేదు.

‘‘నాన్నా, సైకిల్ మోటారు విప్పుదామనుకుంటున్నా’’ అంటే, అవతల కాసేపు నిశ్శబ్దం.

‘‘సైకిల్‌కి మోటారేమిట్రా?’’

సంగతి చెప్పడానికి పావుగంట పట్టింది. చదివేవారి కోసం ఇక్కడ క్లుప్తంగా... మన ఊళ్లలో కనిపించే బ్యాటరీ సైకిళ్లలో ఎక్కువవాటికి మోటారు చక్రం నడిమధ్యన, హబ్‌లో ఉంటుంది. ఈ సైకిల్‌కు అలా కాదు. రెండు పెడళ్లను కలిపే ఇరుసు చుట్టూ మోటారును అమర్చారు. దాని బలం చెయిన్ మీదుగానే వెనక చక్రానికి చేరుతుంది. కాబట్టి మనం గేరు తగ్గిస్తే మోటారుకూ పని తేలికవుతుంది. ఎంత సాయం చెయ్యాలన్నది కాలు చెబుతుంది. ఇరుసు దగ్గరుండే సెన్సర్ కాలి ఒత్తిడిని కొలుస్తుంది. గట్టిగా తొక్కితే గట్టిగా, మెల్లగా తొక్కితే మెల్లగా మోటారు కలిసివస్తుంది. తొక్కడం ఆపితే తనూ ఆగుతుంది. ఈ ఆలోచనతో మొదటి సైకిల్ని మార్కెట్లోకి తెచ్చింది జపాన్‌లోని యమహా, 1993లో. యూరప్ చట్టం ప్రకారం మోటారు 250 వాట్లు దాటకూడదు, గంటకు 25 కిలోమీటర్ల వేగం రాగానే సాయం ఆపెయ్యాలి. మన దేశంలోనూ ఆ రెండు హద్దుల్లో ఉంటేనే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

‘‘250 వాట్లంటే హెచ్‌పీలో మూడోవంతు’’ అన్నాడు తండ్రి వెంటనే. అయిదు హెచ్‌పీ బోరు మోటార్లు చూసిన చెయ్యి మరి! ‘‘బ్రష్‌లు ఎటువైపున్నాయి?’’

బ్రష్‌లు లేవన్నాడు కొడుకు. తీగచుట్టలు బయట కదలకుండా ఉంటాయి, మధ్యలో తిరిగేదానికి అయస్కాంతాలు అంటించి ఉంటాయి. బ్యాటరీ ఇచ్చేది డీసీ. దాన్ని ఒక సర్క్యూట్ బోర్డు మూడుగా విడగొట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా మూడు చుట్టలకు పంపిస్తుంది.

‘‘అంటే త్రీఫేజ్ అని చెప్పరాదూ!’’ అన్నాడాయన. గొంతులో హుషారొచ్చింది. ఆ క్షణం నుంచి అది ఆయన మోటారైపోయింది.

ముందు విప్పనివ్వలేదు. ప్రశ్నలు వేశాడు.

‘‘మోటారు ఆపేసి తొక్కితే చప్పుడు వస్తోందా?’’

వస్తోంది.

‘‘తొక్కకుండా బండిని దొర్లిస్తే?’’

రావడం లేదు.

‘‘పెడల్‌ను వెనక్కి తిప్పు.’’

తిప్పాడు. వస్తోంది. కాస్త తక్కువగా వస్తోంది.

‘‘వెనక్కి తిప్పితే చెయిన్ కదులుతోందా?’’

కదలడం లేదు.

‘‘ఇంకేం? చెయిన్ కాదు, వెనక చక్రం కాదు. నువ్వు చెప్పిన ప్లాస్టిక్ చక్రమూ కాదు. వెనక్కి తిప్పినప్పుడు తిరిగేది ఇరుసొక్కటే. ఇరుసు మీదుండే బేరింగ్ అడుగుతోంది.’’

కొడుకు ఒప్పుకోలేదు. నైలాన్ చక్రం గురించి తను చదివిందంతా చెప్పాడు. ఆయన వాదించలేదు. ‘‘సరే, విప్పితే తెలుస్తుందిగా’’ అన్నాడు. ఆర్డరిచ్చిన సంగతి కొడుకు చెప్పలేదు.

* * *

ముహూర్తం శనివారం కుదిరింది. అక్కడ పొద్దున పదిగంటలు, ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర. తండ్రి భోజనం చేసి, కునుకు మానుకుని ఫోన్ ముందు కూర్చున్నాడు. అక్కడ భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచారు. పనిముట్లు మాత్రం ఇంట్లో లేవు. ఆ దేశంలో దానికో దారుంది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్మా అనే ఆవిడ ‘రిపేర్ కఫే’ ఒకటి పెట్టింది. పాడైన వస్తువు పట్టుకెళితే, పని తెలిసినవాళ్లు పక్కన కూర్చుని మనచేతే బాగుచేయిస్తారు. డబ్బు తీసుకోరు. ఇప్పుడవి దేశదేశాల్లో ఉన్నాయి. ఆ ఊళ్లోని కఫేలో ఓ రిటైరైన పెద్దాయన క్రాంక్ పుల్లర్, బేరింగ్ పుల్లర్ చేతిలో పెట్టి, ‘సోమవారానికి తెచ్చెయ్’ అన్నాడు. 

ముందుగా బ్యాటరీ తీసి వేరే గదిలో పెట్టారు. ఇది అందరికీ తెలిసిన జాగ్రత్తే అయినా తొందరలో మరిచేది ఇదే. బ్యాటరీని మాత్రం ఎవరూ ఇంట్లో విప్పకూడదు. మోటారు తప్పుగా విప్పితే డబ్బు పోతుంది, బ్యాటరీ తప్పుగా విప్పితే ఇల్లు కాలుతుంది. వారంటీ ఉన్న మోటారునూ ముట్టుకోకూడదు, మూత తెరిస్తే ఆ హక్కు పోతుంది.

సైకిల్ను పక్కకు పడుకోబెట్టారు. పెడల్ చేతులు పుల్లర్‌తో ఊడివచ్చాయి. పళ్లచక్రాన్ని పట్టి ఉంచిన రింగు దగ్గర పని ఆగింది. ఎంత బలం పెట్టినా కదల్లేదు. ‘‘బలం తర్వాత, ముందు ఎటు తిప్పుతున్నావో చూడు. లెఫ్ట్ థ్రెడ్ కాదు గదా?’’ అన్నాడు తండ్రి. లెఫ్ట్ థ్రెడ్డే. మామూలు సైకిల్‌కు ఎడమ పెడల్ అలాగే ఉంటుందని ప్రతి సైకిల్ షాపు కుర్రాడికీ తెలుసు. ఎమ్మెస్ చేసినవాడికి తెలియదు. అటు తిప్పగానే ‘టక్’మని వదిలింది.

మోటారు బయటికొచ్చింది. మూడున్నర కిలోల అల్యూమినియం ముద్ద. వైర్లు ఊడదీసే ముందు ప్రతి కనెక్టరునూ ఫొటో తీశారు. మూతకు పది పన్నెండు స్క్రూలు, నక్షత్రం తలలవి. అన్నీ ఒకే పొడవు కావు. కోడలు ఒక అట్టముక్క మీద మోటారు ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చింది. ‘‘అమ్మాయ్, మా షాపులో ఇద్దరు కుర్రాళ్లున్నారు, ఒక్కడికీ ఈ బుద్ధి లేదు’’ అని మెచ్చుకున్నాడు మామగారు.

స్క్రూలన్నీ వచ్చాయి గానీ మూత రాలేదు. లోపల అంచుకు పూసిన సీలు పట్టేసింది. కొడుకు స్క్రూడ్రైవర్ మొన సందులో పెట్టబోయాడు.

‘‘ఒరేయ్ ఒరేయ్! తియ్యి దాన్ని! అల్యూమినియం అంచు మీద గీత పడిందంటే జన్మలో నీళ్లాగవు. చెక్కముక్క పెట్టు. చుట్టూ మెల్లగా తట్టుకుంటూ రా.’’

వంటింట్లో చెక్క గరిటె తెచ్చారు. దాని అంచు ఆనించి, పైన చెప్పుతో తట్టుకుంటూ రెండు చుట్లు తిరిగేసరికి మూత కదిలింది. పట్టి లాగితే మళ్లీ లోపలికి గుంజుకుంది. దెయ్యం పట్టిందనుకునేరు... లోపలి అయస్కాంతాల పని అది. అవి చాలా బలమైనవి. అజాగ్రత్తగా ఉంటే మూతకూ గూడుకూ మధ్య వేలు నలుగుతుంది.

మూత వచ్చింది. ముగ్గురూ వంగి చూశారు. ఫోన్లో నాలుగో తల.

తెల్లటి నైలాన్ చక్రం నిగనిగలాడుతోంది. ఒక్క పన్నూ అరగలేదు. దాని చుట్టూ గ్రీజు తేనె రంగులో శుభ్రంగా ఉంది. కుర్రాడి మొహం వాడింది. నిమిషానికి వేల చుట్లు తిరిగే మోటారు వేగాన్ని, కాళ్లు తిరిగే అరవై డెబ్బై చుట్లకు తగ్గించే గేర్లలో ఇదొకటి. ఇనపది పెడితే గోల చేస్తుంది. అందుకే నైలాన్. ఇది బాగానే ఉంది.

‘‘వైండింగ్ చూద్దాం. సిరీస్ బల్బు ఉందా?’’ అన్నాడు తండ్రి. కాలిన చుట్టను పట్టుకోవడానికి ఆయన నలభై ఏళ్లుగా నమ్ముకున్న సాధనం అది.

ఈసారి ఆపడం కొడుకు వంతు. ‘‘వద్దు నాన్నా, దీనికి కరెంటు చూపించామంటే బోర్డు పోతుంది.’’ బోర్డు నుంచి మూడు తీగలూ విడదీసి, వేలితో తిప్పి చూపించాడు. అయస్కాంతాల వల్ల చిన్న చిన్న మెట్లు ఎక్కుతున్నట్టు తిరిగింది తప్ప ఎక్కడా బరువుగా లేదు. మూడు తీగల్ని ఒకదానికొకటి తాకించి తిప్పితే మాత్రం తేనెలో తిరుగుతున్నట్టు మొరాయించింది. చుట్టల్లో షార్ట్ ఉంటే తాకించకుండానే అలా మొరాయించాలి. మొరాయించలేదు కాబట్టి చుట్టలు క్షేమం. తండ్రి ఆ రెండూ మళ్లీ తిప్పించుకుని చూశాడు. ‘‘బాగుంది. బల్బు అక్కర్లేదన్నమాట’’ అన్నాడు నెమ్మదిగా.

మిగిలింది ఇరుసు. కుడివైపు మూతలో ఇరుసు దూరే బేరింగ్ చుట్టూ మెంతిపొడి రంగు బురద. తుడిస్తే గుడ్డకు తుప్పు. మోటారును వంచితే ఓ మూలనుంచి చెంచాడు నీళ్లు కారాయి. లోపలి రింగును వేలితో తిప్పాడు.

కర్... కర్...

అదే చప్పుడు. జనవరి నుంచి ఆ ఇల్లాలు వింటున్నది. ఆవిడ ‘‘ఇదే, ఇదే!’’ అంది. పాప చప్పట్లు కొట్టింది. ఆటోనగర్‌లో ఆయన మాత్రం ఏమీ అనలేదు. ‘నేను ముందే చెప్పలేదా’ అనే హక్కు ఉండి కూడా అనని తండ్రులు తక్కువ.

‘‘నంబరు చదువు’’ అన్నాడంతే.

తుప్పు గీకితే కనబడింది. 6805, పక్కన 2ఆర్ఎస్.

‘‘చివరి రెండంకెల్ని అయిదుతో గుణించు. అయిదయిదులు పాతిక. లోపలి బెజ్జం పాతిక మిల్లీమీటర్లు. 2ఆర్ఎస్ అంటే రెండువైపులా రబ్బరు మూత. ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది. కంపెనీని అడగక్కర్లేదు.’’

ఇది నిజం. బాల్ బేరింగుల కొలతలు ప్రపంచమంతా ఒకటే. చివర 04 నుంచి పైన ఏ అంకె ఉన్నా ఈ అయిదో ఎక్కమే. అంతకన్నా చిన్నవాటికి మాత్రం 00 అంటే పది మిల్లీమీటర్లు, 01 అంటే పన్నెండు, 02 అంటే పదిహేను, 03 అంటే పదిహేడని గుర్తుపెట్టుకోవాలి. 6805 బేరింగ్ లోపల 25, బయట 37, మందం 7 మిల్లీమీటర్లు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడిగినా, ఐండ్‌హోవెన్‌లో అడిగినా అదే కొలత. 750 యూరోల మోటారును చెత్తలోకి తోసెయ్యబోయిన వస్తువు ఆరు యూరోలకు దొరికింది. అదీ మంచి కంపెనీది.

* * *

బేరింగ్ తెలిసింది. అక్కడితో ఆయన వదల్లేదు.

‘‘బేరింగ్ పోయింది సరే. నీళ్లెలా వచ్చాయి? అది తేల్చకుండా కొత్తది పెడితే మళ్లీ శీతాకాలానికి ఇదే పని.’’

వానకు తడిసిందని కొడుకు అన్నాడు. వానకు తడవని సైకిల్ ఆ దేశంలో ఉంటుందా? కోడలే నోరు విప్పింది. చలికాలం రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు సైకిల్‌కు పట్టకూడదని ఈయన ప్రతి ఆదివారం ప్రెషర్ పంపుతో కడుగుతున్నాడు. ఇరుసు దగ్గర మురికి ఎక్కువని అక్కడ ఇంకాస్త దగ్గరగా పెట్టి మరీ.

‘‘అదీ సంగతి’’ అన్నాడు తండ్రి.

ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీలు పైనుంచి పడే వానను ఆపగలదు. ఎదురుగా కొట్టే ధారను ఆపలేదు. ఇంకో కారణమూ ఉంది. తొక్కివచ్చిన మోటారు వేడిగా ఉంటుంది. దాని మీద చన్నీళ్లు పడితే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందుల్లోంచి బయటి తడిని లోపలికి పీలుస్తుంది. అందులో ఉప్పుంటే బేరింగ్‌కు తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. శుభ్రంగా ఉంచుకోవాలన్న శ్రద్ధే దాని ప్రాణం తీసిందన్నమాట.

‘‘మరి బోరు మోటార్లు ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉంటాయిగా తాతయ్యా?’’ అనడిగింది మనవరాలు. అయిదేళ్ల పిల్లకు అంత ప్రశ్న వచ్చిందంటే, అంతకుముందు తాతగారు ఎన్ని బోరు మోటార్ల కథలు చెప్పి ఉండాలి! ఆయన సంబరపడిపోయాడు. బోరు మోటార్లలో చాలావాటి లోపల నీళ్లు ముందే నింపి దించుతారు. తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, ఆ నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి. ‘‘నీళ్లలో ఉండటానికి పుట్టింది నీళ్లలో ఉంటుందమ్మా. చేపకి గొడుగెందుకు? మీ నాన్నది చేప కాదు, పిల్లి. దానికి స్నానం చేయించాడు.’’

పాప అరగంటసేపు ‘మా నాన్న పిల్లికి స్నానం’ అని పాట పాడింది.

బేరింగ్ తియ్యడం మర్నాటికి పడింది. అల్యూమినియం వేడికి ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. కాబట్టి మూతను వేడి చేస్తే గూడు వదులై బేరింగ్ సులువుగా వస్తుంది. మూతను మాత్రమే వేడి చెయ్యాలి సుమా! అయస్కాంతాలున్న భాగాన్ని దూరంగా పెట్టాలి. ఎనభై డిగ్రీలు దాటితే మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు శక్తి కోల్పోవడం మొదలుపెడతాయి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ పావుగంట పట్టాక, పుల్లర్‌తో లాగితే పాతది ఊడింది. కొత్తదాన్ని రాత్రే ఫ్రీజర్లో పెట్టాడు, చలికి ముడుచుకుంటుందని. పొద్దున కరివేపాకు ప్యాకెట్ కోసం చెయ్యిపెట్టిన ఆవిడకు ఇనప చక్రం తగిలింది. ‘‘ఏవండీ, దీన్ని పోపులో ఎప్పుడు వెయ్యమంటారు?’’ అనడిగింది.

వెచ్చటి గూట్లో చల్లటి బేరింగ్ సుత్తి దెబ్బ లేకుండా జారి కూర్చుంది. సుత్తి వాడాల్సి వస్తే బయటి రింగు మీదే తట్టాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి, కొత్త బేరింగ్ పెట్టినరోజే పాతదవుతుంది. ఇరుసు మీదైతే అసలు కొట్టకూడదు. కాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ కొన్ని మోటార్లలో ఇరుసుకు ఎక్కించిన అయస్కాంత లక్షణం మీదే ఆధారపడుతుంది. దెబ్బలకు అది చెదురుతుంది. ఇరుసు సీలు కూడా కొత్తది వేశారు. దాని మూడో మూలనుంచి నాలుగో మూలదాకా, అంటే చుట్టూతా, గ్రీజు పలచగా రాశారు. గ్రీజు విషయంలో తండ్రి లోభి. ‘‘నైలాన్‌కి పడే గ్రీజు వెయ్యి. అది కూడా పళ్లకే. ఒకవైపే తిరిగే క్లచ్ ఉంటుందే, దానికి చిక్కటిది పూశావంటే జారిపోతుంది’’ అని రెండుసార్లు చెప్పాడు.

అన్నీ బిగించారు. అట్టముక్క మీద ఒక్క స్క్రూ మిగల్లేదు. బ్యాటరీ పెట్టి మీట నొక్కారు. లైటు వెలిగింది. తొక్కితే చప్పుడు లేదు. మోటారూ లేదు! నాలుగడుగులు సాయం చేసి ఆగిపోతోంది. తెర మీద లోపం కోడ్.

ఆ పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. కుర్రాడు బల్ల దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు. 70 వేలు మిగిలాయనుకున్నవి పోయినట్టే. పైగా షాపువాళ్లు ఇప్పుడీ మోటారును చేత్తో కూడా తాకరు. ఆవిడ సోమవారం బస్సు వేళలు చూడటం మొదలుపెట్టింది.

‘‘ఆ కోడ్ ఏమంటోంది?’’ అన్నాడు తండ్రి, తొందర లేకుండా.

‘‘వేగం తెలియడం లేదంటోంది.’’

‘‘వేగం ఎక్కడ కొలుస్తారు?’’

వెనక చక్రం దగ్గర. ఊచకు ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. అది ఫ్రేముకున్న సెన్సర్ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఒక చుట్టు లెక్క. ఆ లెక్క అందకపోతే 25 కిలోమీటర్ల హద్దు దాటామో లేదో మోటారుకు తెలియదు, అందుకని ఆగిపోతుంది. చూస్తే, సైకిల్ని పక్కకు పడుకోబెట్టినప్పుడు ఆ అయస్కాంతం ఊచ మీద రెండంగుళాలు పైకి జరిగింది. వేలితో కిందికి జరిపి, స్క్రూ బిగించాడు. సందులో వంద అడుగులు తొక్కి వెనక్కొచ్చాడు. మోటారు మెత్తగా, ఏదో గొణుక్కుంటున్నట్టు తిరుగుతోంది.

* * *

యూరప్‌లో ఇలాంటి సంగతుల మీద చట్టాలు వస్తున్నాయి. వస్తువును బాగుచేయించుకునే హక్కు మీద యూరోపియన్ యూనియన్ 2024లో ఒక ఆదేశం చేసింది. సభ్యదేశాలు 2026 జులై 31 నుంచి అమలు చెయ్యాలని గడువు పెట్టింది. 2023లో తెచ్చిన బ్యాటరీల నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి సైకిళ్ల బ్యాటరీలను కంపెనీతో సంబంధం లేని పనివాడు కూడా తీసి మార్చగలిగేలా తయారుచెయ్యాలి. అది బ్యాటరీకి సంబంధించిన మాట. లోపల కూర్చున్న ఆరు యూరోల బేరింగ్ కోసం మోటారు మూత తెరవాలా వద్దా అన్నది ఆ నిబంధన చెప్పదు. మన ప్రభుత్వమూ 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు అందులో ఉన్నాయి. ఆటోనగర్‌కు ఆ పేరు కొత్త కావచ్చు గానీ పని కొత్త కాదు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి పాప పెట్టెలో కూర్చుంది. బడి గేటు దగ్గర దిగేదాకా వాళ్లమ్మ చెవులు కిందికే ఉన్నాయి. ఏమీ వినబడలేదు. పుల్లర్లు రెండూ సాయంత్రానికి కఫే పెద్దాయన దగ్గరికి చేరాయి.

ఆ రాత్రి ఫోన్లో తండ్రి తన పాత నోటుబుక్కు చూపించాడు. ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఎన్నో నంబరు తీగ, ఎవరి పొలంది... నలభై ఏళ్ల లెక్కలు నూనె మరకలతో ఉన్నాయి. కొత్త పేజీలో పైన కొడుకు పేరు రాసి, కింద ‘సైకిల్ మోటారు, 250 వాట్లు, బేరింగ్ 6805, కారణం ఉప్పునీళ్లు’ అని పెట్టాడు. కూలీ అని రాసినచోట గీత గీసి వదిలేశాడు.

‘‘నాన్నా, సెలవులకి వచ్చినప్పుడు షాపుకి రానా?’’ అనడిగాడు కొడుకు.

‘‘పాత బట్టలు తెచ్చుకో’’ అన్నాడాయన.

మంగళవారం తలుపు దగ్గర ఒక చిన్న పార్సిల్ పడి ఉంది. ఆవిడ విప్పి చూస్తే తెల్లగా, ముద్దుగా, పళ్లతో ఓ నైలాన్ చక్రం. ‘‘ఇదేమిటండీ?’’ అంటే అతను ఏం చెప్పాడో తెలియదు గానీ, ప్రస్తుతానికి అది పాప బొమ్మల వంటింట్లో జంతికల అచ్చుగా ఉంది.